ఎపిసోడ్ 27: క్యాషా, కాసా?

హారిక: నమస్కారం. విశాఖపట్నం ఎమ్వీపీ కాలనీ, మూడో అంతస్తు, ఫ్యాన్ ఆపేసిన గది నుంచి మళ్ళీ మేమే.

రమణ: ఫ్యాన్ ఆపింది మన రికార్డింగ్ చంటి. చెమట నాది.

హారిక: శబ్దం వస్తోందని ఆపాడు బాబాయ్. ఈ వారం మాట "క్యాష్". నాలుగైదు అర్థాలు, రెండు పుట్టుకలు, ఒక అరగంట. మొదలెట్టకముందే ఒక షరతు. పందికొక్కు ఊసు ఎత్తకూడదు. ఇంగ్లీషు "బ్యాండికూట్" మన పందికొక్కులోంచే వచ్చిందని ప్రతిసారీ మొదలెడతావు.

రమణ: నేనెందుకు ఎత్తుతాను?

హారిక: కాఫీ ఎపిసోడ్‌లో కూడా ఎత్తావు.

రమణ: ఎత్తను. రాస్ హిల్ మెట్ల మీద ఒట్టు.

హారిక: ఆ ఒట్టు విలువెంతో వినేవాళ్ళకి తెలుసు. సరే. ఇంగ్లీషులో క్యాష్ అంటే మొదట్లో డబ్బులు దాచే పెట్టె. లాటిన్‌లో "క్యాప్సా" అంటే పెట్టె. అదే ఇటాలియన్‌లో కస్సా, ఫ్రెంచిలో కేస్. వర్తకులతో పాటు 1590ల నాటికి ఇంగ్లీషులోకి వచ్చింది. పెట్టె పేరు పోనుపోను పెట్టెలో ఉన్నదానికి అంటుకుంది.

రమణ: గల్లా.

హారిక: ఏంటి?

రమణ: పూర్ణా మార్కెట్లో ఏ కొట్టుకైనా రాత్రి తొమ్మిదికి వెళ్ళు. "ఇవాళ గల్లా ఎంతరా?" అని అడుగుతాడు షావుకారు. గల్లా అంటే పెట్టె. వాడికి కావలసింది పెట్టె పొడవు వెడల్పులు కాదు కదా.

హారిక: అచ్చం అదే! ఇది నా నోట్సులో లేదు, రాసుకుంటున్నా. ఆ క్యాప్సా నుంచే పెట్టె అనే అర్థంలో కేసు వచ్చింది. కోర్టు కేసు వేరే సంతానం. క్యాప్సూల్, క్యాసెట్, ఆఖరికి లారీ చాసిస్ కూడా దీని పిల్లలే.

రమణ: అంటే గాజువాక ఆటోనగర్‌లో పొద్దస్తమానం లాటినే మాట్లాడుతున్నారన్నమాట.

హారిక: ఇంక రెండో అర్థానికి వస్తే...

రమణ: ఆగు. రెండో అర్థం నా జేబులో ఉంది. చంటీ, ఈ చప్పుడు రికార్డు చెయ్యి. ఇదిగో.

హారిక: ఏంటిది? బాబాయ్, ఎక్కడిది?

రమణ: పోయిన నెల నాణేల ఎగ్జిబిషన్‌లో కొన్నాను. వెయ్యిన్నూట యాభై.

హారిక: పిన్నికి తెలుసా?

రమణ: మీ పిన్ని మన పాడ్‌కాస్ట్ వినదు. పట్టుకుని చూడు, ఏం కనబడుతోందో చెప్పు.

హారిక: రాగి. అంచు ఒకవైపు ఎలక కొరికినట్టుంది. సింహం నిలబడి ముందుకాళ్ళతో కిరీటం పట్టుకుంది. కింద 1808. వెనకవైపు పార్సీ అక్షరాలు. వాటి కింద ఇంగ్లీషులో... ఓహో.

రమణ: చదువమ్మా. మైక్ దగ్గరగా.

హారిక: "ఎక్స్ క్యాష్".

రమణ: ఎక్స్ అంటే రోమన్ అంకెల్లో పది. పది కాసులు! ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో కొట్టించిన నాణెం. వైజాగ్ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. తెల్లవాడు తన చేత్తో రాగి మీద అచ్చుకొట్టి మరీ ఒప్పుకున్నాడు, క్యాష్ అంటే కాసు అని. చంటీ, వెయ్యి!

(పందికొక్కు శబ్దం)

హారిక: చంటీ! నువ్వు ఎవరి వైపు? బాబాయ్, ఒట్టు వేసి ఏడు నిమిషాలు కాలేదు.

రమణ: నేను ఆ మాట అనలేదు. శబ్దం మాత్రమే.

హారిక: సరే, విను. నీ చేతిలో ఉన్న క్యాష్, నువ్వు ముప్పై ఆరేళ్ళు బ్యాంకు కౌంటర్లో లెక్కపెట్టిన క్యాష్, రెండూ వేర్వేరు మాటలు. నాణెం పేరు మన కాసే, ఒప్పుకుంటాను. తమిళంలో కాసు, తెలుగులో కాసు. సంస్కృతంలో కర్షం అనే తూకం ఉంది, దానికీ దీనికీ చుట్టరికం ఉందంటారు. పోర్చుగీసువాళ్ళు ఆ కాసుని "కైషా" అని రాసుకున్నారు, వాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్ళు క్యాష్ అన్నారు. పెట్టెలోంచి వచ్చిన క్యాష్ అప్పటికే అక్కడుంది. రెండు ఏర్లు వచ్చి ఒకే రేవులో కలిశాయి, అంతే.

రమణ: అదెలా? ఒకే పలుకుబడి, ఒకే అర్థం, ఒకే కాలం. ఒకే మాట!

హారిక: అది కాకతాళీయం.

రమణ: బ్యాంకులో ఒకే సంతకం రెండు చెక్కుల మీద కనబడితే కాకతాళీయం అంటే ఊరుకుంటారా?

హారిక: మాటలు చెక్కులు కావు బాబాయ్. ఇంగ్లీషులో క్యాషియర్ అంటే నువ్వు. అదే ఇంగ్లీషులో నేవీ ఆఫీసర్ని "క్యాషియర్ చేశారు" అంటే పరువు తీసి ఉద్యోగం పీకేశారని. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర, నేవీవాళ్ళ పక్కన పుట్టినవాడివి, నువ్వే విని ఉంటావు.

రమణ: విన్నాను. డబ్బులు కాజేస్తే తీసేస్తారు కాబట్టి ఆ పేరనుకున్నాను.

హారిక: సంబంధమే లేదు. అది డచ్చి, ఫ్రెంచి భాషల్లో కొట్టివేయడం అనే మాట నుంచి వచ్చింది. అక్షరాలు ఒకటే, పుట్టిల్లు వేరు.

రమణ: ఇది మరీ అన్యాయం. నా ఉద్యోగం పేరుకీ, ఉద్యోగం పోవడానికీ ఒకే మాటా?

హారిక: ఇంకోటి చెప్పనా? పోర్చుగీసు భాషలో కైషా అంటే కూడా పెట్టే.

రమణ: ...ఏంటీ?

హారిక: వాళ్ళు కాసు అన్న మాట విని, తమకి తెలిసిన మాటలా రాసుకున్నారు. వినబడింది మన కాసు, కాగితం మీద పడింది వాళ్ళ పెట్టె.

రమణ: అంటే మన కాసుని పెట్టెలో పెట్టి తాళం వేశారు.

హారిక: అలా అనుకుంటే నీకు మనశ్శాంతా?

రమణ: లేదు. నాణెం ఇటియ్యి. ఈ పార్సీ అక్షరాలు ఏం చెబుతున్నాయో తెలుసా? పది కాసులు అంటే రెండు ఫలూసులు, అంటే రెండు రాగి బిళ్ళలు, అని. పార్సీలో కూడా "కాస్" అనే రాశారు, క్యాష్ అని కాదు. ఒకే బిళ్ళ మీద అటు అసలు పేరు, ఇటు మారుపేరు. దానికేమంటావు?

హారిక: ఒప్పుకున్నానుగా, నాణెం పేరు మనదేనని! మిగతా క్యాష్ గురించే గొడవ.

రమణ: సగం ఒప్పుకుంటే సగం గొడవ మిగిలే ఉంటుంది.

హారిక: సరే, నీకు ఇంకో లడ్డూ ఇస్తాను. దీనికి అన్న ఉన్నాడు, ఇరవై కాసుల నాణెం. ఎక్స్ ఎక్స్ క్యాష్. ఇరవై కాసుల రాగి నాణేన్ని మనవాళ్ళు ఏమనేవారో తెలుసా?

రమణ: ఏమనేవారు?

హారిక: డబ్బు.

రమణ: (నవ్వు) కాదు, నాణెం పేరు అడుగుతున్నా.

హారిక: అదే చెబుతున్నా. పేరే డబ్బు. ఇంగ్లీషువాళ్ళ లెక్కల పుస్తకాల్లో "డబ్" అని ఉంటుంది. ఇరవై కాసులు ఒక డబ్బు. నాలుగు డబ్బులు, అంటే ఎనభై కాసులు, ఒక పణం. నలభై రెండు పణాలు ఒక పగోడా, మన వరహా. ఆ రాగి బిళ్ళ పేరే తర్వాత మొత్తం సొమ్ముకి పేరైపోయింది.

రమణ: ఉండు. ఎనభై ఇంటూ నలభై రెండు... మూడు వేల మూడొందల అరవై. వరహాకి 3,360 కాసులా? ఆ రోజుల్లో క్యాషియర్‌గా పుట్టి ఉంటే వేళ్ళు అరిగిపోయేవి. అంటే నేను జీవితమంతా "డబ్బులు, డబ్బులు" అన్నది ఒక నాణెం పేరా?

హారిక: రాగి నాణెం పేరు.

రమణ: చంటీ.

హారిక: వద్దు చంటీ.

(పందికొక్కు శబ్దం)

హారిక: ఆ బటన్ పీకేస్తాను ఒకరోజు. అది సరే, అంచు ఇలా ఎందుకు తినేసింది?

రమణ: ఉప్పునీళ్ళు. ఈ నాణేలతో ఇటు బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ, 1809 జనవరిలో ఇంగ్లండ్ ఒడ్డు దాటకుండానే గుడ్విన్ సాండ్స్ ఇసుక మేటల్లో చిక్కుకుని మునిగిపోయింది. టన్నుల కొద్దీ రాగి. 1980లలో పైకి తీశారు, లక్షల నాణేలు. అందుకే నాలాంటివాడి చేతికి కూడా అందుతున్నాయి. నూట డెబ్భై ఏళ్ళకి పైగా నీళ్ళల్లో ఉంది ఇది. ఇటు రావలసింది, ఇప్పుడొచ్చింది.

హారిక: ఎవరూ ఖర్చుపెట్టని డబ్బు.

రమణ: ఒక్క పూట కూడా. దీనితో ఎవడూ ఉప్పు కొనలేదు, ఎవడూ అప్పు తీర్చలేదు. కొత్తదే ఇది. పాడైపోయిన కొత్తది.

హారిక: బాగా చెప్పావు. సరే, మిగతావి పరుగున చెప్పేస్తాను, టైమ్ అయిపోతోంది. మధ్యలో చిల్లున్న చైనా నాణేలను కూడా ఇంగ్లీషువాళ్ళు క్యాష్ అనేవారు. అదీ మన కాసు పుణ్యమే. ఫోన్లో క్లియర్ చేసే "క్యాష్" ఉంది చూశావూ, అది ఫ్రెంచిలో దాచడం అనే మాట. మనవాళ్ళు చాలామంది క్యాచీ అంటారు, పరవాలేదు. క్యాషూ, అంటే జీడిపప్పు, బ్రెజిల్ తుపీ భాష నుంచి పోర్చుగీసువాళ్ళు పట్టుకొచ్చిన మాట...

రమణ: పలాస మనదే.

హారిక: పలాస మనదే, పప్పు కూడా మనదే, మాట కాదు. ఇంక క్యాష్ క్రాప్...

రమణ: క్యాష్ షార్ట్ చెప్పావా?

హారిక: అది అర్థం కాదు బాబాయ్, బ్యాంకు భాష.

రమణ: నాకున్న అర్థం అదొక్కటే. సాయంత్రం నాలుగున్నరకి తలుపు మూసి లెక్క చూస్తే తేలదు. మళ్ళీ చూస్తావు. నోటుకి నోటు అతుక్కుందేమోనని స్పాంజ్ మీద వేలు తడుపుకుని, మళ్ళీ. వేలు తెల్లగా నానిపోతుంది. 1989లో ఒక రోజు ఐదొందలు తేలలేదు. ఒక్క నోటు. ఎవరికి ఎక్కువ ఇచ్చానో ఇప్పటికీ తెలీదు. రాత్రి ఎనిమిదిన్నర దాకా కూర్చోబెట్టారు. తెల్లారేసరికి నేను కట్టాలి. నెలాఖరు.

హారిక: ఇది ఎప్పుడూ చెప్పలేదే.

రమణ: చెప్పడానికేముంది. ఇంటికి వచ్చి అన్నం వద్దన్నాను. అమ్మ అడగలేదు. పొద్దున్న కురుపాం మార్కెట్‌కి వెళ్ళి వచ్చింది.

హారిక: నానమ్మ? ఎందుకు?

రమణ: కాసుల పేరు ఉండేది కదా ఆవిడకి.

హారిక: ఫోటోలో చూశాను. పొట్ట దాకా ఉంటుంది.

రమణ: అది పెళ్ళి ఫోటో. నేను చూసేసరికే గుండెల దాకా వచ్చింది. మీ నాన్న ఇంజనీరింగ్ హాస్టల్‌కి కొన్ని, అక్క పురుడికి కొన్ని. కంసాలి ఒక్కో కాసూ తీసి, మిగిలినవి దగ్గరికి లాగి మళ్ళీ గుచ్చేవాడు. అవి ఇప్పుడు కొట్టువాడు చెప్పే ఎనిమిది గ్రాముల కాసులు కావు. పలచటి బిళ్ళలు, లక్ష్మీదేవి బొమ్మ అరిగిపోయి ఉండేది. గాలికి ఆకుల్లా చప్పుడయ్యేవి. ఒక కాసు అమ్మితే నా ఐదొందలు వచ్చాయి. చేతిలో పెట్టి, "బ్యాంకోళ్ళకి కట్టీసి రా నాయనా, అన్నం తినేసి వెళ్ళు" అంది. అంతే.

హారిక: మా నాన్న హాస్టల్‌కి కూడానా?

రమణ: నాలుగో ఐదో. వాడికి తెలుసో లేదో. నువ్వు అడక్కు.

హారిక: ...

రమణ: ఏంటమ్మా, గాలి పోయిన బెలూన్‌లా అయ్యావు. నోట్సు చదువు. క్యాష్ క్రాప్ అంటున్నావు.

హారిక: క్యాష్ క్రాప్ అంటే... అమ్ముకోవడానికి వేసే పంట. అది అందరికీ తెలిసిందే. మిగిలిన కాసులు ఏమయ్యాయి?

రమణ: చివరికి తొమ్మిది మిగిలాయి. మెడకి బిగుతుగా ఉంటున్నాయని తీసి దాచింది. హుద్‌హుద్ తుపాను వచ్చింది చూడు, 2014 అక్టోబర్ 12. తర్వాత ఎన్ని రోజులు కరెంటు లేదు, ఏటీఎమ్‌లు లేవు, కార్డులు గీకడానికి లేదు. చేతిలో నోటు ఉన్నవాడికే నీళ్ళ టిన్ను. అప్పుడు కూడా అమ్మ ఆ మూట తీసింది. "ఇవి నడుస్తాయేమో చూడరా" అని.

హారిక: నడిచాయా?

రమణ: ఎవడు తీసుకుంటాడు? వందకి చిల్లర లేదంటుంటే బంగారానికి చిల్లర ఎవడిస్తాడు. మళ్ళీ మూటగట్టి ఇచ్చేశాను. ఇప్పుడవి మీ అమ్మ దగ్గరున్నాయి.

హారిక: అమ్మ దగ్గరా? నాకెందుకు తెలీదు?

రమణ: నీకు తెలిస్తే పాడ్‌కాస్ట్‌లో పెడతావని.

హారిక: ఇప్పుడు పెట్టింది నువ్వు!

రమణ: చంటీ, ఆ ముక్క కోసెయ్యి.

హారిక: కొయ్యకు. బాబాయ్, ఆ తొమ్మిదీ చూడాలి నాకు. నీ రాగి కాసు పక్కన పెట్టి ఫోటో తీద్దాం.

రమణ: చూద్దాంలే. కానీ ఒక్క మాట. పోర్చుగీసువాడు రాకముందు ఇంగ్లీషువాళ్ళు చిల్లర డబ్బుని ఏమనేవారు? మనీ అనేవారు. క్యాష్ ఎందుకు కావలసి వచ్చింది? కాసు విన్నాక...

హారిక: మళ్ళీ మొదటికొచ్చావు. ఇటాలియన్ కస్సా అని చెప్పాను కదా!

రమణ: కస్సా, కాసు. నువ్వే ఒకసారి వరసగా పలికి చూడు. కస్సా, కాసు, కస్సా...

హారిక: పలికితే చాలదు, ఆధారం...

(కింద నుంచి కేక: "కోనాం... వంజరం... పచ్చి రొయ్యలోయ్!")

రమణ: కోనాం వచ్చింది.

హారిక: బాబాయ్, ఇంకా అయిపోలేదు.

రమణ: పోయిన ఆదివారం కూడా ఇలాగే కూర్చుంటే పక్కవీధివాళ్ళు తన్నుకుపోయారు. నాణెం చూసుకో, కింద పడేస్తావు.

హారిక: మైకు తీసి వెళ్ళు! కాలర్‌కి ఉంది... చంటీ, పట్టుకో. వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతున్నాడు, వినబడుతోందా?

(మెట్ల చప్పుడు. దూరంగా: "కిలో ఎంతమ్మా?... అంతా? నిన్నటిది కాదు కదా... మొప్పలు ఎత్తి చూపించు, ఎరుపు ఉందా లేదా...")