పడటం వచ్చాకే పరుగు

(విజయనగరంలో పిల్లల వేసవి స్కేటింగ్ శిబిరం ప్రారంభ సభలో ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, శిబిరం నడుపుతున్న కోచ్‌లకు, తల్లిదండ్రులకు, అందరికంటే ముందు నా ఎదురుగా కాళ్లకు చక్రాలు కట్టుకుని కుదురుగా కూర్చోలేకపోతున్న ఈ పిల్లలకు నమస్కారం. ఎండెక్కేలోగా ముగించమని నిర్వాహకులు చెప్పారు. అందరినీ పేరుపేరునా పలకరించడం మన సభల ఆనవాయితీ. కానీ ఆ సమయం నాకు వేరే పనికి కావాలి, పెద్దలు మన్నించాలి. శాలువా ఇప్పుడొద్దమ్మా, తరువాత చూద్దాం.

స్కేటింగ్ వల్ల పిల్లలకు కలిగే లాభాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ లాభాలన్నీ కరపత్రంలో చక్కగా అచ్చు వేశారు, ఇంటికెళ్లి చదువుకోవచ్చు. నేనొచ్చింది వేరే సంగతి చెప్పడానికి. మన ఊళ్లో పిల్లలకు స్కేటింగ్ మొదలుపెట్టించే తీరు మారాలి. నేను మాట్లాడేది మొదటి నెల గురించే. పిల్ల ఈ ఆటలో నిలుస్తుందా, స్కేట్లను అటక మీద పడేస్తుందా అన్నది ఆ నెలలోనే తేలిపోతుంది.

మా అమ్మాయి అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో ఉంటుంది. నేను అక్కడున్నన్నాళ్లు మనవరాలిని ఐస్ రింకుకు తీసుకెళ్లడం నా పని. అక్కడ 'లర్న్ టు స్కేట్ యూఎస్ఏ' అనే కార్యక్రమం దేశమంతటా రింకుల్లో నడుస్తుంది. ఆరేళ్లలోపు పిల్లలకు వేరే తరగతులున్నాయి. వాటి పేరు 'స్నోప్లౌ శామ్', నాలుగు మెట్లు. ఆ పైన పెద్ద పిల్లలకు 'బేసిక్' ఒకటి నుంచి ఆరు దాకా. ఇవన్నీ దాటాకే ఫ్రీ స్కేట్, అంటే మనం టీవీలో చూసే గెంతులు, గిరగిరా తిరగడాలు.

నేను రిటైరైనా వ్యాయామ టీచర్నే కదా, ఊరికే కూర్చోబుద్ధి కాదు. అద్దం ఇవతల నిలబడి మొదటి తరగతి అంతా చూశాను. ఆ కోచ్ చిన్న వయసు అమ్మాయి. పిల్లల్ని మంచు మీదికి దించలేదు. బయట రబ్బరు చాప మీదే స్కేట్లతో నిలబెట్టి, "ఇప్పుడు అందరం పడిపోదాం" అంది. అందరూ పడ్డారు. మళ్లీ లేవమంది. మళ్లీ పడమంది. ఎంత నవ్వులో! ఆ తరువాతే మంచు మీదికి వెళ్లారు. అక్కడా మొదట పడటమే.

ఎలా పడాలో కూడా చెప్పింది. ఒళ్లు తూలుతోందనిపించగానే మోకాళ్లు వంచు, కిందికి కుంగు, పక్కకి తుంటి మీద ఒరిగిపో. చేతులు వెనక్కి చాపి నేలను ఆపబోకు. పిడికిళ్లు బిగించి దగ్గరకు తెచ్చుకో, లేకపోతే వెనక వచ్చేవాళ్ల బ్లేడు వేళ్ల మీద పడుతుంది. లేవాలంటే ముందు మోకాళ్ల మీదికి రా, ఒక పాదం ముందుకు వెయ్యి, ఆ మోకాలి మీద రెండు చేతులూ ఆనించి లే. అంతే. ఆ పిల్లలు ఇంకా అడుగు వేయడం నేర్చుకోలేదు, కానీ పడితే ఎలా లేవాలో వాళ్లకు తెలుసు.

ఇక్కడ కోచ్‌లున్నారు, వాళ్లకు తెలిసిన విషయమే అయినా తల్లిదండ్రుల కోసం చెబుతున్నాను. మన పిల్లలవి చక్రాల స్కేట్లు, నేల సిమెంటు. మంచు మీద జారినట్టు ఇక్కడ జారం, అందుకే పడే తీరు కాస్త వేరు. మోకాళ్లకు, మోచేతులకు, మణికట్లకు గార్డులు కట్టుకుని, కుంగి, ముందుకి మోకాలి గార్డుల మీద దిగాలి. వెనక్కి పడకూడదు, వెనక్కి పడితే తల తగులుతుంది. పిల్లలకు మణికట్టు విరిగేది ఎక్కువగా చెయ్యి చాపి పడటం వల్లే. హెల్మెట్ లేకుండా స్కేటు మీద నిలబెట్టకండి. ఫొటో కోసం కూడా నిలబెట్టకండి.

పడటం వచ్చాక అక్కడేం నేర్పారో చెబుతాను. ఉన్నచోటే కాళ్లెత్తి మార్చింగ్. తరువాత మార్చింగ్ చేస్తూ ముందుకు కొన్ని అడుగులు. ఆ ఊపులో రెండు కాళ్లూ కలిపి కాసేపు జారడం. ఆ పైన మోకాళ్లు వంచి కుంగడం. మడమలు కలిపి కాళ్లను బయటికి విడదీసి, మళ్లీ వేళ్లు లోపలికి తిప్పి దగ్గరకు తెచ్చేదాన్ని స్విజిల్ అంటారు, అది వస్తే పాదం ఎత్తకుండానే ముందుకు సాగుతారు. అటు పైన ఆగడం. ఒంటికాలి మీద జారడం, వెనక్కి వెళ్లడం, మలుపులో కాలి మీద కాలు వేసే క్రాసోవర్లు, ఇవన్నీ వరుసలో వస్తాయి. గెంతుల్లో మొదటిది బన్నీ హాప్, దాన్లో తిరగడమే ఉండదు. తరువాత వాల్ట్జ్ జంప్, సగం చుట్టు. ఆక్సెల్ అనే గెంతు పేరు మీరు వినుంటారు. 1882లో వియన్నాలో ఆక్సెల్ పాల్సన్ అనే నార్వే స్కేటర్ చేసి చూపాడు కాబట్టి ఆ పేరు. ముఖం ముందుకు పెట్టి ఎగిరి వెనక్కి దిగాలి కనుక ఒక్క ఆక్సెల్ అంటే ఒకటిన్నర చుట్లు. అక్కడి పిల్లలు దాని దగ్గరకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆలస్యమైందని వాళ్ల ఊళ్లో ఎవరూ కంగారు పడటం లేదు.

మనకెందుకీ కంగారు? మనది వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఊరు. 1919లో పెట్టిన సంగీత కళాశాల మన కోట పక్కనే ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. ఆ కాలేజీలో చేరిన పిల్లకు మొదటి నెలలో ఎవరైనా కచేరీ పెడతారా? సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, ఆ తరువాతే గీతం. ఏ తల్లీ వెళ్లి "మా పాపకి ముందు తోడి రాగం చెప్పేయండి" అనదు. కానీ స్కేటింగ్ దగ్గరకొచ్చేసరికి అదే తల్లి నా దగ్గరకు వచ్చి ఏమందంటే, "ఏటండీ మేడమ్, వారం రోజులైనాది, ఇంకా నిల్చోడమే నేర్పుతున్నారేటి? పక్క గ్రౌండులో గుంటలు రేస్ ఎట్టేస్తన్నారు." ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడకు చూపించిన స్కేటింగ్ అదే.

ఇప్పుడు నా మనసులో చాలాకాలంగా ఉన్న మాట చెబుతాను. నిర్వాహకులు గడియారం చూస్తున్నారు, చూడనివ్వండి.

నేను ఉద్యోగంలో ఉండగా మా స్కూల్లో ఒక పాప ఉండేది. ఏడేళ్లది. తండ్రి ఆటో నడుపుతాడు. సాయంత్రాలు మా బాస్కెట్‌బాల్ కోర్టు సిమెంటు మీద నేను నేర్పేదాన్ని. ఆ పాప పడి, లేచి, మోకాళ్లు దులుపుకుని, "మళ్లీ పడనా మేడమ్?" అని అడిగే రకం. ఎడమకాలి మీద అంత నిలకడ అంత చిన్న వయసులో నేను అరుదుగా చూశాను. స్కేటు ఎక్కితే ఆ పిల్ల ముఖమే మారిపోయేది.

ఒకరోజు ఎవరో వచ్చి తండ్రితో మాట్లాడారు. పిల్లలందరూ గంటల తరబడి ఆగకుండా స్కేటింగ్ చేస్తారు, అది రికార్డవుతుంది, సర్టిఫికెట్, మెడల్, టీషర్టు ఇస్తాం, ఫీజు ఇంత అన్నారు. ఆయన అప్పు చేసి కట్టాడు. నేను వద్దన్నాను. "పేపర్లో ఫొటో వేస్తామన్నారు మేడమ్" అన్నాడు. కూతురి ఫొటో పేపర్లో రావాలని ఏ తండ్రి కోరుకోడు చెప్పండి?

ఆ కార్యక్రమానికి నేను వెళ్లాను. రోడ్డు మీద చిన్నచిన్న పిల్లలు ఒకరి వెనక ఒకరు తిరుగుతున్నారు. మైకులో ఉత్సాహపరుస్తున్నారు. నిద్రతో తూలుతున్న పిల్లల్ని పక్క నుంచి "ఆగకు, ఆగకు" అంటున్నారు. పడిన పిల్లను చటుక్కున లేపి వరసలో నిలబెడుతున్నారు, ఎక్కడ తగిలిందని అడిగినవాళ్లు లేరు. మా పాప స్కేటు విప్పి చూస్తే రెండు మడమలూ బొబ్బలెక్కి మేజోడు రక్తంతో అంటుకుపోయింది. మెడలో మెడల్ ఉంది. ఫొటో కూడా వచ్చింది, నలభై తలల మధ్య ఒక తల.

ఆ తరువాత ఆ పాప మళ్లీ కోర్టుకు రాలేదు. నేను పిలిచాను, వాళ్లమ్మ చెప్పింది, తండ్రి బతిమాలాడు. స్కేట్లు చూస్తే పిల్ల ఏడ్చేది. దాన్ని పాడుచేసింది ఆట కాదు, ఆట పేరుతో పెద్దలు నడిపిన వ్యాపారం. నేను ఏ సంస్థ పేరూ చెప్పడం లేదు. అలాంటివాళ్లు మీ ఇంటి తలుపు కూడా తడతారు, అందుకే చెబుతున్నాను. ఫీజు కట్టించుకుని రికార్డు ఇచ్చేవాళ్లు వచ్చినప్పుడు దయచేసి ఈ పాపను గుర్తు తెచ్చుకోండి. వెనక నిలబడ్డ తండ్రులు కాస్త ముందుకు రండి, మీక్కూడా వినపడాలి ఈ మాట.

ప్రపంచమంతా చిన్న వయసులో పిల్లల్ని తోయడం గురించి ఆలోచనలో పడింది. అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం 2022లో ఒక నిర్ణయం తీసుకుంది. సీనియర్ పోటీలకు కనీస వయసును 15 నుంచి మెట్లు మెట్లుగా 17కు పెంచింది. పిల్లల ఒంటినీ మనసునూ కాపాడాలనే అలా చేశామని చెప్పింది. ఒలింపిక్స్ ఆడే దేశాలే పదిహేడేళ్ల దాకా ఆగుదామంటుంటే, మనం ఆరేళ్ల పిల్ల మెడలో మెడల్ వేసి ఫొటో తీసుకుంటున్నాం.

పతకాలు వద్దని నేననడం లేదు. ఆ మాటకొస్తే పతకాలు మన గడ్డకు కొత్త కాదు. కరణం మల్లీశ్వరి గారిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చేనాటికి ఆమెకు 25 ఏళ్లు. దేశంలో ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళ మన శ్రీకాకుళం ఆడపిల్ల. ఇక స్కేటింగ్‌కే వస్తే, హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామా 2010 ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన ఆడపిల్లల జట్టు, మగపిల్లల జట్టు రెండూ 3000 మీటర్ల రిలేలో కాంస్యాలు తెచ్చాయి. మంచు లేని ఊళ్లలోనూ స్కేటర్లు తయారవుతారు. అనూప్ చేసిన ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో ఐస్ మీద చేసే గెంతులు, స్పిన్‌లే చక్రాల మీద చేస్తారు. మన శిబిరాల్లో దాని ఊసే ఉండదు, అంతా స్పీడే. సంగీతానికి తగ్గట్టు కదలడం ఇష్టపడే పిల్లలుంటారు, రేసంటే భయపడే పిల్లలుంటారు. వాళ్లకోసం కూడా ఈ మైదానంలో ఒక మూల ఉండాలి.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. పదీ పదకొండేళ్లు రాగానే "మోకాళ్ల మీద మచ్చలు పడతాయి, ఇక చాలు" అని మానిపిస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఆ పిల్లకు ఒంటికాలి మీద జారడం కుదురుతుంది, ఆట రుచి తెలుస్తుంది. మచ్చలు పడకూడదంటే గార్డులు కొనండి. ఆట మానిపించకండి.

స్కేట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. వచ్చే ఏడాదికి కూడా సరిపోతాయని రెండు సైజులు పెద్దవి కొంటున్నారు. మడమ లోపల కదిలితే పిల్ల చీలమండ లోపలికి ఒరిగిపోతుంది, ఎంత మంచి కోచ్ అయినా ఏమీ చేయలేడు. వేళ్లు లోపల ఆడాలి, మడమ మాత్రం కదలకూడదు. చీలమండ దగ్గర లేసు గట్టిగా కట్టండి. అమెరికాలో కొత్త పిల్లలు చాలామంది రింకులో అద్దె స్కేట్లతోనే నేర్చుకుంటారు, తల్లిదండ్రులు మొదటిరోజే కొనాల్సిన పని లేదు. మనమూ ఆ పని చేద్దాం. ఆటో నడిపేవాళ్ల పిల్లలు, కూలి పనికెళ్లేవాళ్ల పిల్లలు స్కేటు కొనలేక గోడ మీద కూర్చుని చూస్తున్నారు, అదిగో ఇప్పుడు కూడా కూర్చున్నారు. మీ ఇళ్లలో చిన్నవైపోయిన స్కేట్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి.

రోడ్డు మీద నేర్పొద్దు. చిన్న రాయి, కాస్త ఇసుక చాలు చక్రం ఆగిపోవడానికి. వాలు ఉంటే ఆగడం రాని పిల్ల ఎక్కడికి పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఆగడం రాని పిల్లను వేగంగా తోలించకండి కోచ్ గారూ, ఈ ఒక్కటీ మీకు చేతులెత్తి మొక్కి అడుగుతున్నాను.

నిర్వాహకులను నేను అడిగేవి చిన్న కోరికలు. ఈ శిబిరంలో కొత్త పిల్లలకు పోటీ పెట్టకండి. చివరి రోజు పతకాలకు బదులు ఏ మెట్టు దాకా వచ్చారో రాసిన కాగితం ఇవ్వండి: పడి లేవగలదు, మార్చింగ్ చేయగలదు, రెండు కాళ్ల మీద జారగలదు, ఆగగలదు. వచ్చే వేసవికి ఆ కాగితం పట్టుకొస్తే అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. తల్లిదండ్రుల కుర్చీలు ఆ సున్నపు గీత అవతల వేయించండి. కోచ్ ఒకటి చెబుతుంటే అమ్మ ఇంకొకటి అరిస్తే పిల్లకు టెన్షన్ తప్ప ఏమీ రాదు.

రేపు పొద్దున్న ఆరింటికి కొత్త పిల్లలు ఈ చివరకు రండి, పాత పిల్లలు ఆ చివరకు. ఇంట్లో ఉన్న పాత స్కేట్లకు సైజు రాసిన చీటీ కట్టి ఆఫీసు గదిలో ఇవ్వండి. గోడ మీదున్న పిల్లలూ, మీరు కూడా రండి, మీ పేర్లు నేనే రాసుకుంటాను. కోచ్ గారూ, మైకు తీసుకోండి. వాళ్లు ఇప్పటికే చాలాసేపు కూర్చున్నారు.