పాలు, గోధుమ, పల్లీ లేకుండా మూడు ఇంటి టిఫిన్లు: ఏది బాగుంది?

నమస్తే అండీ. పాలు, నెయ్యి, గోధుమ, పల్లీలు, జీడిపప్పు, సోయా, నువ్వులు ఏవీ తగలకుండా పొద్దున టిఫిన్ కావాలి. పెసరట్టు, కొర్ర ఉప్మా, జొన్నరొట్టె చూద్దాం.

నా ఓటు పెసరట్టుకే. పిండి పులియక్కర్లేదు, రుబ్బిన వెంటనే వేసుకోవచ్చు. కప్పు పెసలు, రెండు చెంచాల బియ్యం ఐదారు గంటలు నానబెట్టండి. అంగుళం అల్లం, మూడు పచ్చిమిర్చి, అరచెంచా జీలకర్ర, ఉప్పు వేసి, నీళ్లు తక్కువ పోసి రుబ్బండి. వేళ్ల మధ్య రుద్దితే సన్న రవ్వలా తగలాలి. మరీ మెత్తగా రుబ్బితే కరకర పోతుంది. ఎక్కువమందికి చెడేది పెనం దగ్గర. పెనం బాగా కాలిపోయి ఉంటే పిండి పరుచుకోదు, గరిటెతో పాటే లేచొస్తుంది. అట్టట్టుకీ నీళ్లు చిలకరించి, సగం కోసిన ఉల్లిపాయతో తుడిచి, మంట తగ్గించి వేయండి. పరిచాక మంట పెంచి, చుట్టూ చెంచాడు నూనె వేయండి. అంచు దానంతటదే లేచేదాకా అట్లకాడ పెట్టొద్దు.

బయట ఎమ్మెల్యే పెసరట్టు జోలికి మాత్రం పోకండి. లోపలి ఉప్మా బొంబాయి రవ్వది, అంటే గోధుమే. పైగా నెయ్యి దోసె వేసిన పెనం మీదే ఇదీ వేస్తారు.

ఇక కొర్ర ఉప్మా. కొర్రలు రెండు గంటలు నానాలి, లేకపోతే పైన మెత్తబడి లోపల పలుకు మిగులుతుంది. కప్పుకి రెండు కప్పుల నీళ్లు, సన్నమంట, మూత. దించాక పది నిమిషాలు కదపకండి, కదిపితే ముద్దవుతుంది. రుచి బాగుంది గానీ చల్లారితే గట్టిపడుతుంది, డబ్బాకి పనికిరాదు. పోపులో ఇంగువ వేసేముందు డబ్బా వెనక చదవండి. మనకు దొరికే ఇంగువ పొడిలో చాలావాటికి మైదాయో గోధుమపిండో కలుపుతారు. చిటికెడే కదా అనుకోవద్దు, సీలియాక్ (గోధుమపిండిని సాగేలా చేసే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని జబ్బు) ఉన్నవాళ్లకి అదీ ముప్పే.

జొన్నరొట్టెకి చెయ్యి తిరగాలి. జొన్నలో గ్లూటెన్ లేదు కాబట్టి పిండి సాగదు. కప్పు పిండికి ముప్పావు కప్పు మరిగే నీళ్లు పోసి, చెయ్యి పట్టే వేడిలోనే బాగా మర్దించాలి. తట్టేటప్పుడు అంచులు పగులుతున్నాయంటే నీళ్లు మరగలేదు, లేదా పిండి పాతది. పెనం మీద వేశాక పైవైపు తడిచేత్తో నిమిరి, ఆ తడి ఆరగానే తిప్పండి.

అసలు చిక్కు గిర్నీలో ఉంది. మీకంటే ముందు గోధుమలు పట్టించుకున్నవాళ్ల పిండి రాళ్ల మధ్యే ఉంటుంది, అది మీ జొన్నపిండిలోకే వస్తుంది. ఇంట్లో మిక్సీలో పట్టి జల్లించుకోండి, లేదా గ్లూటెన్ రహితం అని ముద్రించిన ప్యాకెట్ కొనండి.

నంజుకోడానికి టమాటా పచ్చడి చాలు. పుట్నాల చట్నీ పల్లీకి బదులు అనుకుంటారు గానీ, పల్లీ పడనివాళ్లలో కొందరికి శనగ జాతి కూడా పడదు. అలాంటివాళ్లు పెసలు కూడా డాక్టర్‌ని అడిగాకే తినాలి. నూనె విషయంలో కూడా జాగ్రత్త: గానుగ పల్లీ నూనెలో అలర్జీ తెచ్చే ప్రోటీన్ మిగిలే ఉంటుంది. అదే గానుగలో ఆడించిన కొబ్బరి నూనె కూడా వద్దు.