సిడ్నీలో ఇరవై తొమ్మిదో నిమిషం

శ్రోతలకు నమస్కారం.

2023 ఆగస్టు 20, ఆదివారం. మనకు మధ్యాహ్నం మూడున్నర, సిడ్నీలో రాత్రి ఎనిమిది. స్టేడియం ఆస్ట్రేలియాలో 75,784 మంది ప్రేక్షకులు. మహిళల ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్. స్పెయిన్‌కూ ఇంగ్లండ్‌కూ కూడా అదే తొలి ఫైనల్.

ఆ రాత్రి మాట వస్తే చాలామంది బహుమతుల వేదిక దగ్గరే ఆగిపోతారు. స్పెయిన్ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు అక్కడ హెర్మోసో అనే క్రీడాకారిణిని ఆమె ఇష్టం లేకుండా ముద్దు పెట్టుకున్నాడు. పదవి పోయింది. 2025లో కోర్టు దోషిగా తేల్చి జరిమానా వేసింది. అది మాట్లాడుకోవలసిన సంగతే. కానీ ఆ అమ్మాయిలు ఆడిన ఆట దాని వెనకాల మరుగున పడిపోతే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ పూట ఆట సంగతే చెబుతాను.

29వ నిమిషం. ఇంగ్లండ్ డిఫెండర్ లూసీ బ్రాంజ్ కుడివైపున్న తన చోటు వదిలి, బంతితో మైదానం నడిమధ్యకు చొచ్చుకొచ్చింది. స్పెయిన్ వాళ్లు చుట్టుముట్టి బంతి లాగేసుకున్నారు. బ్రాంజ్ వదిలొచ్చిన చోట ఇప్పుడెవరూ లేరు. తెరేసా అబెల్యేరా బంతిని అటే పంపింది. మరియోనా అందుకుంది, తొందరపడలేదు. వెనక నుంచి లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్, ఓల్గా కార్మోనా పరుగెత్తుకొస్తోందని ఆమెకు తెలుసు. పాస్ అందింది. కార్మోనా ఎడమ కాలితో నేలబారుగా అవతలి మూలకు కొట్టింది. మ్యాచ్ మొత్తానికి అదొక్కటే గోల్.

డిఫెండర్ అంటే వెనక కాపలా ఉండాల్సిన మనిషి. ఆ మనిషే అంత దూరం పరుగెత్తి వచ్చి గోల్ కొట్టింది. అయిదు రోజుల ముందు సెమీఫైనల్లో స్వీడన్ మీద గెలిపించిన గోల్ కూడా ఆమెదే.

ఇంగ్లండ్ ఊరికే తలవంచలేదు. లారెన్ హెంప్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి వెనక్కొచ్చింది. రెండో సగంలో హెర్మోసో పెనాల్టీని గోల్‌కీపర్ మేరీ ఇయర్ప్స్ ఎడమకు దూకి బంతి జారిపోకుండా ఒడిసిపట్టింది. ఓడిన జట్టులో ఉన్నా ఆమె అప్పుడు చూపిన తెగువ నాకు కప్పుతో సమానం.

ఇక ఈ మాట చెప్పడం కష్టం. మ్యాచ్ ముగిసి, కప్పు ఎత్తుకున్నాకే కార్మోనాకు తండ్రి చనిపోయిన కబురు చెప్పారు. ఆట అయ్యేదాకా ఆమెకు తెలియకుండా ఇంటివాళ్లే దాచారు.

ఈ ఫైనల్ దాకా రావడానికి ఇంగ్లండ్ ఆడవాళ్లకు చాలా ఏళ్లు పట్టింది. 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లో వాళ్ల మ్యాచ్‌కు సుమారు 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాదే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సమాఖ్య తన మైదానాల్లో ఆడవాళ్లను ఆడనివ్వొద్దంది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు సాగింది. అంటే తప్పంతా మైదానం ఇవ్వనివాళ్లది, ఆడేవాళ్లది కానే కాదు.

మన హైదరాబాద్ ఫుట్‌బాల్ నగరమని పెద్దలు గర్వంగా చెబుతారు, నిజమే. ఇక్కడే బడిపంతులుగా మొదలైన కోచ్ రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. కానీ ఆ కథల్లో ఆడపిల్ల పేరు ఒక్కటీ వినపడదు. ఇప్పుడు వినపడుతోంది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది. 2025 జులైలో మన అమ్మాయిలు థాయిలాండ్‌ను 2-1తో ఓడించి, అర్హత పోటీల ద్వారా తొలిసారి మహిళల ఆసియా కప్‌కు చేరారు.

గచ్చిబౌలి, కొండాపూర్ వైపు గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌లు సాయంత్రమైతే అబ్బాయిలతోనే నిండిపోతాయి. బడి మైదానాలదీ అదే తీరు. తల్లిదండ్రులారా, మీ పిల్ల బడిలో పీఈటీ మాస్టారిని ఈ వారమే అడగండి: అమ్మాయిలకు బంతి ఎప్పుడిస్తారు, మైదానం ఏ గంటకిస్తారు అని. జవాబు దాటవేస్తే మళ్లీ అడగండి.