ప్రశ్న అడగని హాస్కెల్ ప్రోగ్రామ్: తప్పు బఫర్‌లో ఉంటే ప్రొఫైల్‌లో ఎక్కడ కనపడుతుంది?

నమస్తే అండీ, తిరుపతి నుంచి.

గాంధీ రోడ్డులో మా బాబాయికి పూజా సామాన్ల కొట్టు ఉంది, ఆయన కోసం హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న బిల్లు ప్రోగ్రామ్ రాశాను. జీహెచ్‌సీఐలో (కోడ్‌ని అక్కడికక్కడే నడిపి చూసే హాస్కెల్ సాధనం) నడిపితే "సరుకు పేరు:" అని చక్కగా అడిగింది. కంపైల్ చేసి కొట్లో పెట్టాక మాత్రం ఏమీ అడగదు, కర్సర్ కొట్టుకుంటూ ఉంటుంది అంతే. "ఏంరా, సిస్టం హ్యాంగ్ అయిందా?" అని బాబాయి ఫోన్. హ్యాంగ్ కాలేదు, ఆయన టైప్ చేస్తారని అదీ ఎదురుచూస్తోంది.

[తెర మీద: పుట్‌ఎస్‌టీఆర్ "సరుకు పేరు: ", దాని కింద గెట్‌లైన్; మొదటిది అక్షరాలు చూపిస్తుంది, రెండోది టైప్ చేసిన లైన్ చదువుతుంది]

కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్ గుర్తు తెచ్చుకోండి. కంపార్ట్‌మెంట్‌లో కూర్చుంటాం, గేటు తీస్తే అందరం కలిసి కదులుతాం. బఫర్, అంటే అవుట్‌పుట్‌ని బయటికి పంపేముందు కాసేపు ఆపి ఉంచే మెమరీ గది, కూడా అంతే. అవుట్‌పుట్ టెర్మినల్‌కి పోతుంటే లైన్ బఫరింగ్, అంటే కొత్త లైన్ వస్తేనే గేటు తీస్తారు. ఫైల్‌కో పైప్‌కో పోతుంటే బ్లాక్ బఫరింగ్, గది నిండాలి. మన ప్రశ్న చివర కొత్త లైన్ లేదు, అందుకే అది లోపలే ఉండిపోయింది. జీహెచ్‌సీఐ అవుట్‌పుట్‌కి బఫరింగే పెట్టదు, కాబట్టి అక్కడ ఈ తప్పు బయటపడదు.

నేను మెయిన్ (ప్రోగ్రామ్ మొదలయ్యే చోటు) మొదట్లోనే అవుట్‌పుట్‌కి నోబఫరింగ్, అంటే బఫరే వద్దని, పెట్టేశాను. ప్రశ్న కనపడింది. కానీ నెలాఖరు రిపోర్ట్ నత్తనడక.

సరే, ప్రొఫైల్ చేద్దామని, అంటే ఏ భాగం ఎంత టైం తింటోందో కొలుద్దామని, మైనస్ ప్రాఫ్, మైనస్ ఎఫ్‌ప్రాఫ్ ఆటో ఇచ్చి కంపైల్ చేసి, ప్లస్ ఆర్‌టీఎస్ మైనస్ పీ అని నడిపాను. (ఉబుంటులో హాస్కెల్ మూల మాడ్యూల్ ప్రెల్యూడ్ దొరకలేదని ఎర్రర్ వస్తే జీహెచ్‌సీ ప్రాఫ్ ప్యాకేజీ వేసుకోండి.) డాట్ ప్రాఫ్ ఫైల్‌లో టైమంతా రిపోర్ట్ ప్రింట్ చేసే నా ఫంక్షన్ ఖాతాలోనే పడింది, దాంతో అందులోని లెక్కలు రెండు రోజులు తిరగరాశాను, ఏమీ మారలేదు. అసలు సంగతేమిటంటే ఆటో పెట్టే కాస్ట్ సెంటర్లు, అంటే టైం లెక్కగట్టే గుర్తులు, మన మాడ్యూళ్లకే పడతాయి, లైబ్రరీలోని పుట్‌ఎస్‌టీఆర్ తిన్న టైం దాన్ని పిలిచినవాళ్ల లెక్కలోకే వస్తుంది. ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగే ప్రతి పనినీ, అంటే సిస్టమ్ కాల్‌నీ, చూపించే సాధనం) పెట్టి చూస్తే అప్పుడు తెలిసింది, ఒక్కో అక్షరానికి ఒక్కో రైట్ సిస్టమ్ కాల్! కంపార్ట్‌మెంటే లేకుండా ఒక్కో మనిషికి గేటు తీసి మూసినట్టు.

[తెర మీద: నోబఫరింగ్ లైన్ కొట్టివేత; ప్రశ్న తర్వాత హెచ్‌ఫ్లష్ ఎస్‌టీడీఔట్]

ఆ లైన్ తీసేసి, ప్రశ్న అడిగిన ప్రతిచోటా హెచ్‌ఫ్లష్ పెట్టండి. గది నిండకపోయినా ఈ ఒక్కసారి గేటు తీయమని చెప్పడం అది. మిగతా రిపోర్ట్ లైన్లు లైన్లుగా పోతుంది.

ఇంకోటి, చేత్తో టైప్ చేస్తూ టైం కొలవకండి. ప్లస్ ఆర్‌టీఎస్ మైనస్ ఎస్ అని నడిపితే సీపీయూ టైం, గడిచిన టైం రెండూ వస్తాయి, మనం ఆలోచిస్తూ కూర్చున్నదంతా రెండోదాంట్లో కలుస్తుంది. ఇన్‌పుట్‌ని ఒక ఫైల్‌లో రాసి మళ్లించండి. అయితే అప్పుడు ఇన్‌పుట్ టెర్మినల్ కాదు కాబట్టి దాని బఫరింగ్ కూడా మారుతుంది, ఎంటర్ లేకుండా ఒక్క మీట నొక్కితే పనిచేసే భాగాన్ని మాత్రం టెర్మినల్‌లోనే విడిగా చూసుకోవాలి.

హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 9.4 కానీ ఆ తర్వాతది కానీ ఉంటే ఆటో బదులు మైనస్ ఎఫ్‌ప్రాఫ్ లేట్ వాడండి. ఆటో ముందే కాస్ట్ సెంటర్లు పెట్టి ఆప్టిమైజేషన్‌కి (కంపైలర్ కోడ్‌ని వేగంగా నడిచేలా మార్చడం) అడ్డుపడుతుంది, లేట్ అయితే అవన్నీ అయ్యాకే పెడుతుంది. బాబాయి కొట్లో నడిచే ప్రోగ్రామ్‌కి దగ్గరగా ఉండేది ఆ ప్రొఫైలే.