సోమవారం పొద్దున అక్కరకొచ్చే జర్మన్

మిత్రులారా, నమస్కారం.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లలో చాలామంది బీ1 (మధ్యస్థాయి జర్మన్) పరీక్ష గట్టెక్కాక కూడా ఆఫీసు కాఫీ గదిలో నోరు మెదపరు. పని అంతా ఇంగ్లీషులో నడిచే కంపెనీల్లోనూ విరామం దొరికితే కబుర్లు జర్మన్‌లోకి మళ్లుతాయి. స్నేహాలు కుదిరేది ఆ కబుర్లలోనే. అందుకే ఆ గదిలో పనికొచ్చే వ్యాకరణం ముందు నేర్చుకోండి అంటాను.

సోమవారం పొద్దున వినిపించే ప్రశ్న ఒకటుంది: "వీ వార్ డైన్ వోఖెన్‌ఎండె?" వారాంతం ఎలా గడిచిందని. "గూట్" (బాగుంది) అని ఊరుకుంటే మాట అక్కడే తెగిపోతుంది. ఇంకొక్క వాక్యం కలపండి: "ఇష్ హాబె అమ్ జామ్స్టాక్ ఐనెన్ ఫిల్మ్ గెజేయన్." శనివారం ఒక సినిమా చూశాను. చూడటాన్ని చెప్పే 'గెజేయన్' వాక్యం చివర కూర్చుంది, గమనించారా? క్రియ కోసం చివరిదాకా ఆగడం మనకు చిన్ననాటి నుంచీ అలవాటే. కథల్లో, వార్తల్లో కనిపించే భూతకాల రూపాలు వేరు. మాటల్లో ఎక్కువగా వినిపించేది 'హాబె... గెజేయన్' లాంటి ఈ పెర్ఫెక్ట్ రూపమే. వెళ్లడం, రావడం లాంటి కదలికలకు 'హాబె' బదులు 'బిన్' వస్తుంది. 'వార్' (ఉన్నాను, ఉంది), 'హాటె' (నా దగ్గర ఉండేది) అనే భూతకాల రూపాలు మాత్రం మాటల్లోనూ అలాగే ఉంటాయి. ఇంతవరకు పట్టుబడితే రెండు రోజుల ముచ్చట్లూ చెప్పుకోవచ్చు. ఆ తర్వాత "ఉంట్ డైన్స్?" (మరి నీది?) అని మీరూ అడగండి. వాళ్లు చెబుతుంటే "ఎష్ట్?" (నిజమా?), "ష్టిమ్ట్" (నిజమే), "గెనావ్" (సరిగ్గా అంతే) అంటూ ఊ కొట్టండి.

నువ్వు, మీరు తేడా మనకు తెలిసిందే, కానీ అక్కడి లెక్క వేరు. 'జీ' (మీరు) నుంచి 'డూ' (నువ్వు)కి మారదామని సాధారణంగా వయసులోనో హోదాలోనో పెద్దవారే అంటారు. చాలా ఐటీ కంపెనీల్లో మొదటి రోజు నుంచే 'డూ'. తండ్రి వయసున్న మేనేజరును అలా పిలవడానికి మనకు మనసొప్పదు. అయినా ఆయన అనమన్నాక కూడా 'జీ' అంటూ ఉంటే, మీరు చూపే గౌరవం ఆయనకు దూరం పెట్టినట్టు తోస్తుంది.

మధ్యాహ్నం వేళ ఎదురైనవారు "మాల్‌త్సైట్" అని భోజన వేళ పలకరింపు చెబితే మీరూ అదే అనండి. ఇంటికి బయలుదేరేటప్పుడు "షోనెన్ ఫైయరాబెంట్", అంటే పని ముగిశాక సాయంత్రం హాయిగా గడవాలని. పలకరింపుగా హాంబర్గ్‌లో "మొయిన్", మ్యూనిక్‌లో "సెర్వుస్" అంటారు. భోజనానికి "హాల్ప్ ఐన్స్" అని పిలిస్తే ఒంటిగంటన్నరకు వెళ్లకండి, అది పన్నెండున్నర! పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక రోజు ముందుగా చెప్పకండి, అశుభమంటారు.

మీరు తడబడగానే వాళ్లు ఇంగ్లీషులోకి మారిపోతారు. సాయం చేద్దామనే ఉద్దేశమే తప్ప చిన్నచూపు కాదు. "బిట్టె అవుఫ్ డాయిచ్, ఆబర్ లాంగ్జామ్" అనండి: జర్మన్‌లోనే, కాకపోతే నెమ్మదిగా. అందరితో ఒకేసారి కుదరదు. రోజూ మీతో భోజనానికి వచ్చే ఒక్కరితో ముందు ఈ ఒప్పందం చేసుకోండి, మీ తప్పులు అక్కడికక్కడే దిద్దమని కూడా అడగండి.