నలుసు పడిన రోజు

(జాతీయ నేత్రదాన పక్షోత్సవాల సందర్భంగా మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న సర్పంచ్ గారికి, హెడ్‌మాస్టరు గారికి, పొద్దున్నుంచీ ఫారాలు నింపిస్తున్న ఆశా అక్కచెల్లెళ్లకి, పని మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువా వద్దన్నా కప్పారు. సంతోషం.

నేత్రదానం గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. దానికి ముందు మా పెద్దక్క సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లు కంటి పరీక్షలు చేసే ఆప్తాల్మిక్ అసిస్టెంటుగా పనిచేశాను. ఎక్కడ మైకు ఇచ్చినా అక్కడి నుంచే మొదలుపెట్టాను. ఇవాళా అంతే.

1998 సంక్రాంతి ముందు, కుప్పనూర్పిళ్ల రోజులు. తూర్పారబడుతుంటే అక్క కంట్లో వడ్ల నూగు పడింది. కొంగు ఉండచుట్టి, నోటితో ఊదుకుని కంటికి అద్దుకుంది. మళ్లీ చేట పట్టుకుంది. రాత్రికి కన్ను నీరు కారుతుంటే పక్కింటి పెద్దమ్మ చనుబాలు పోయించింది. మూడో రోజు బావ బస్టాండు దగ్గర మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చాడు. అది వేశాక ఎరుపు తగ్గింది, సలుపూ తగ్గింది. మందు బాగా పనిచేసిందని ఇంట్లో అందరూ నిమ్మళించారు. వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. కంటికి పువ్వు వేసిందన్నారు. నిజానికి అది పుండు. నేనప్పుడు వేరే జిల్లాలో ఉన్నాను. ఊరందరి కళ్లూ చూసే తమ్ముడికి కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

నేను వచ్చి సీసా మీది లేబుల్ చదివాను. యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథాసోన్. అంటే స్టెరాయిడ్. అది ఎరుపునీ వాపునీ అణుస్తుంది. కానీ పుండులో ఉన్నది ఫంగస్, అంటే బూజు అయితే, దానితో పోరాడే ఒంటి బలాన్ని కూడా అణిచేస్తుంది. పైకి ఎరుపు తగ్గి కన్ను తేటపడుతుంటే లోపల బూజు వేళ్లు దింపుతుంది. పట్నం ఆసుపత్రిలో పుండును గీకి స్లైడు మీద పెట్టి చూస్తే దారాలు దారాలుగా ఫంగస్ కనిపించింది. గంటగంటకీ చుక్కలు వేశారు. ఆలస్యమైపోయింది. నల్లగుడ్డుకి చిల్లు పడింది.

ఇక్కడే నేత్రదానం వచ్చింది. ఎవరో మహానుభావులు, తమ మనిషి పోయిన దుఃఖంలో ఉండి కూడా కన్ను ఇచ్చారు. దాని నల్లగుడ్డు పొరని మా అక్కకి అతికించారు. కన్ను నిలబడింది, చూపు రాలేదు. ఆ కుటుంబం ఎవరో మాకు తెలియదు. కానీ నల్లగుడ్డు మీద మచ్చతో పుట్టిన ఏ పిల్లకో చూపు ఇవ్వగలిగిన ఆ కన్నుతో మేం చిల్లు పూడ్చుకున్నాం. అందుకే చెప్తున్నాను, కళ్లు దానం చేయండి, తప్పకుండా చేయండి, కానీ దానం చేసిన కన్ను ఇలాంటి పుండుకి ఖర్చు కాకుండా కూడా చూడండి.

ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1991 నుంచి 2000 వరకు ఫంగస్ పుండ్లతో వచ్చిన 1,352 మంది లెక్క తీశారు. సగానికి పైగా కళ్లకు ముందు ఏదో దెబ్బ తగిలి ఉంది.

మరి మందు ఏది? దీని జవాబు కూడా మనలాంటి వాళ్ల కళ్లతోనే దొరికింది. పాత మందు నాటమైసిన్. తర్వాత వోరికోనజోల్ అని కొత్తది వచ్చింది. ఇదే మేలని చాలామంది ఆశపడ్డారు. తమిళనాడు, పుదుచ్చేరిల్లోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో 2010, 2011 సంవత్సరాల్లో 323 మందిని తీసుకుని, చీటీ వేసినట్టుగా కొందరికి ఇదీ కొందరికి అదీ ఇచ్చారు. ఎవరికి ఏది పడిందో రోగికి తెలియదు. 2013లో ఫలితం అచ్చయింది. పాత నాటమైసినే మెరుగని తేలింది, ముఖ్యంగా ఫ్యుసేరియం అనే ఫంగస్ మీద. కొత్త మందు పడినవాళ్లలో చిల్లులు, నల్లగుడ్డు మార్పిడులు ఎక్కువయ్యాయి.

ఒక్క నిమిషం ఆలోచించండి. సలుపుతున్న కంటితో, పక్కన మనవణ్ణో కూతుర్నో పెట్టుకుని ఆ పరీక్షకి కాగితం మీద ఒప్పుకున్నారు వాళ్లు. వేరే చీటీ వచ్చి ఉంటే కొందరి కళ్లు మిగిలేవేమో. ఇవాళ ఏ డాక్టరైనా ధైర్యంగా నాటమైసిన్ రాస్తున్నాడంటే అది వాళ్లు పెట్టిన భిక్ష. కంటి మందుల పరిశోధన అనగానే నాకు ఆ 323 మందే గుర్తొస్తారు.

అన్నట్టు, నాటమైసిన్ నీళ్లలో కరగదు, అడుక్కి దిగుతుంది. సీసా బాగా కుదిపి వేయాలి. కుదపకుండా పై నీళ్లు వేసుకుని మందు పనిచేయలేదన్నవాళ్లని ఎంతమందిని చూశానో.

ఇంకో పరిశోధన నేపాల్ లోని భక్తపూర్‌ది, 2001లో అచ్చయింది. అక్కడ 81 మంది ఊరి కార్యకర్తలు 34,902 మందిని రెండేళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. నల్లగుడ్డు మీద గీత పడిన 442 మందికి క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటు రోజుకి మూడుసార్లు, మూడు రోజులు పెట్టారు. దెబ్బ తగిలిన 18 గంటల లోపల మందు మొదలైనవాళ్లలో ఒక్కరికీ పుండు పడలేదు. ఒక్కరికీ! 18 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 109 మందిలో నలుగురికి పడింది. అంతకంటే ఆలస్యమైతే వందకి 28 మందికి పైనే.

ఉన్న మాట దాచకూడదు. తర్వాత ఇదే పద్ధతిని నేపాల్‌లోనే ఇంకా పెద్ద ఎత్తున 24 పంచాయతీల్లో పరీక్షించారు. 2022లో వచ్చిన ఆ ఫలితంలో, కార్యకర్తలున్న ఊళ్లలో పుండ్లు తగ్గినట్టు తేలలేదు. నాకు బాధ వేసింది. అయినా నలుసు పడిన మనిషి ఆ రోజే వచ్చి చూపించుకోవాలన్న మాట నేను వదలను. ఆశా దగ్గర ట్యూబు ఉన్నంత మాత్రాన చాలదు, మనిషి కదలాలి. మా అక్క ఇంటి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మూడు కిలోమీటర్లు. అక్కడ పసుపురంగు మందు కాగితం ముక్క తడిపి కంటికి తాకించి నీలం లైటు వేస్తే, గీత ఆకుపచ్చగా మెరుస్తుంది. రెండు నిమిషాల పని.

చిన్నపిల్లల తల్లులు ఇది వినండి. తాంబూలం సున్నం ప్యాకెట్లు పిల్లలకి అందనివ్వకండి. నొక్కితే చిట్లి కంట్లో పడుతుంది. పడితే ఆసుపత్రికి పరుగెత్తే ముందు అక్కడికక్కడే బోరు నీళ్లో బిందె నీళ్లో కనీసం పావుగంట ధారగా పోయండి. రెప్పల కింద పలుకులు లేకుండా కడగండి. ఆ తర్వాతే బండి ఎక్కండి.

వెనక మెడికల్ షాపుల సోదరులు నిలబడి ఉన్నారు. అయ్యా, మీకు చేతులెత్తి మొక్కుతున్నాను. డెక్సామెథాసోన్ షెడ్యూల్ హెచ్ మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని మీకూ తెలుసు. స్టెరాయిడ్ చెడ్డదని నేననడం లేదు. బ్యాక్టీరియా పుండ్లలో యాంటీబయాటిక్ మొదలుపెట్టాక డాక్టర్లు స్టెరాయిడ్ కలిపి 500 మందిలో పరీక్షించారు కూడా. మొత్తం మీద తేడా కనబడలేదు. అది డాక్టరు రోజూ చూస్తూ చేసే వైద్యం. పొలం నుంచి ఎర్రకన్నుతో వచ్చిన మనిషికి కౌంటరు మీద నుంచి ఇచ్చేది కాదు. ఆ మనిషిని కూర్చోబెట్టి, "కంట్లో ఏమైనా పడిందా అన్నా?" అని అడగండి. పడిందంటే మందు ఇవ్వకండి, ఆసుపత్రికి దారి చూపించండి. ముప్పై రూపాయల బేరం పోతుంది, పోనివ్వండి.

వచ్చే కార్తీకంలో కోతలు. ఇప్పుడు చేటలు లేవు, కోత మిషన్లు వచ్చాయి. వాటి వెనక లేచే దుమ్ము చేటకంటే పదింతలు. కళ్లద్దాలు పెట్టుకోండి, బండి మీద పెట్టుకునేవైనా సరే.

సభ అయ్యాక గేటు దగ్గర వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుంటాను. ఊళ్లోవాళ్లు ఇంటికెళ్లి ఫ్రిజ్‌లో, గూట్లో ఉన్న కంటి చుక్కల సీసాలన్నీ పట్టుకురండి. మూత తీసి నెల దాటినవి అక్కడే పారేద్దాం. మిగతా వాటి లేబుళ్లు నేను చదివి చెప్తాను. చీకటి పడినా సరే, చివరి సీసా అయ్యేదాకా ఉంటాను.