కౌన్సెలింగ్ అంటే సీటు గొడవ కాదు

హోస్ట్: నమస్తే. ఈరోజు మనతో ఉన్న అక్క విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో వెల్‌నెస్ కౌన్సెలర్, అంటే పిల్లల మనసులో బాధలు విని సాయం చేసే మనిషి. అక్కా, మీరొస్తున్నారని మా అమ్మతో అంటే, “ఏ కాలేజీలో సీటొస్తుందో చెప్పే ఆవిడా?” అంది.

కౌన్సెలర్: (నవ్వు) అమ్మగారి తప్పేం లేదు తమ్ముడూ. మన దగ్గర కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకు, వెబ్ ఆప్షన్లు. లేదంటే తాగి బండి నడిపినవాళ్ళకి పోలీసులు ఇచ్చేది. ‘కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు’ అని పేపర్లో రాస్తారు చూడు, గట్టిగా మందలించారని అర్థం. అందుకే పిల్లలు మొదటిసారి వచ్చి, “మేడమ్, నేనేం తప్పు చేశాను?” అంటారు.

హోస్ట్: మరి మీరేమంటారు?

కౌన్సెలర్: ముందు రూల్స్ చెప్తాను. నువ్వు చెప్పింది ప్రిన్సిపాల్‌కి గానీ వార్డెన్‌కి గానీ మీ నాన్నకి గానీ చేరదు. కానీ నీ ప్రాణానికి ముప్పుందనిపించినా, ఇంకొకరికి హాని జరిగేలా ఉన్నా దాచలేను. ఎవరైనా నిన్ను లైంగికంగా వేధిస్తున్నారని తెలిసినా అంతే. ఇంటర్ పిల్లలంటే పదహారు, పదిహేడేళ్ళు, ఇంకా పద్దెనిమిది నిండనివాళ్ళు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. అంతా విన్నాక ‘అయ్యో, ఇది దాచలేనమ్మా’ అంటే అది మోసం.

హోస్ట్: ముందే అలా చెప్తే నోరు విప్పుతారా?

కౌన్సెలర్: కొందరు విప్పరు. లేచి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. వెళ్ళనివ్వాలి.

హోస్ట్: కానీ జీతమిచ్చేది కాలేజీ కదా?

కౌన్సెలర్: అసలు చిక్కు అక్కడే. ఇంతకుముందు ఒక కాలేజీలో చేశాను, పేరు వద్దులే. ప్రతి శనివారం లిస్టు అడిగేవారు. ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, వీళ్ళలో టాప్ సెక్షన్‌లో ఎవరు నిలబడతారు! నేను లెక్క మాత్రం ఇచ్చేదాన్ని. ఇంతమంది వచ్చారు, ఎక్కువమందికి నిద్ర చాలట్లేదు, రాత్రి స్టడీ అవర్ తగ్గించండి అని. వాళ్ళు స్టడీ అవర్ తగ్గించలేదు, నన్ను తగ్గించుకున్నారు.

హోస్ట్: నా ఇంటర్‌లో డీన్ సారే కౌన్సెలర్.

కౌన్సెలర్: మార్కులు తగ్గాయని పొద్దున తిట్టిన మనిషి, సాయంత్రం ‘నీ బాధేంటో చెప్పు నాన్నా’ అంటే ఏం చెప్పావు?

హోస్ట్: కడుపు నొప్పి అని చెప్పా.

కౌన్సెలర్: (నవ్వు) అదే మరి. అయినవాళ్ళ విషయంలో కూడా అంతే. మా బాబాయి కూతురు మా కాలేజీలోనే చేరింది. తనని నేను చూడను, వేరేవాళ్ళ దగ్గరికి పంపాను. పిన్నికి ఇంకా కోపమే.

హోస్ట్: సుప్రీంకోర్టు ఏదో చెప్పిందంటున్నారు కదా?

కౌన్సెలర్: 2025 జూలైలో. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన అమ్మాయి కేసులో. వందమంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న సంస్థలన్నీ అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలంది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం వీలైనంత వరకు మానాలని కూడా అంది. మొదటిది కాగితం మీద చూపించడం తేలికే. రెండోది మన కాలేజీల సంగతి తెలిసిన నీకు నేను చెప్పాలా?

హోస్ట్: ‘అర్హత’ అంటే ఏంటి?

కౌన్సెలర్: క్లినికల్ సైకాలజిస్టుకైతే కేంద్రం ఏర్పాటు చేసిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలర్ అనే మాటకి అంత గట్టి కంచె లేదు. రెండ్రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌కి ఫ్రేమ్ కట్టించి తగిలించుకున్నవాళ్ళని చూశాను. నాది ఎమ్మెస్సీ సైకాలజీ. ఇప్పటికీ నెలకి రెండుసార్లు ఒక సీనియర్ దగ్గర, పేర్లు చెప్పకుండా, నా కేసుల గురించి మాట్లాడుకుంటాను. ఎక్కడ తొందరపడ్డానో, ఎక్కడ అమ్మలా మాట్లాడేశానో ఆవిడ పట్టేస్తుంది.

హోస్ట్: అమ్మలా మాట్లాడితే తప్పా?

కౌన్సెలర్: వాళ్ళకి అమ్మ ఉంది కదా! నేను మందులు రాయను, నీకు డిప్రెషన్ అని ముద్ర వేయను. వారాల తరబడి నిద్ర లేదన్నా, ఎవరో చెవిలో మాట్లాడుతున్నారన్నా సైకియాట్రిస్టు చూడాలి. ఇంటికి ఫోన్ కూడా పిల్లల ముందే చేస్తాను, ఏం చెప్పబోతున్నానో ముందు వాళ్ళకి చెప్పి.

హోస్ట్: మీరు లేని రాత్రి పూట?

కౌన్సెలర్: మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, 14416. తెలుగులోనే మాట్లాడతారు. కానీ హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు కదా! వార్డెన్ గదిలో ల్యాండ్‌లైన్ ఒక్కటే. ఎవరైనా ఆ నంబర్‌కి చేసుకుంటానంటే ఎందుకని అడగొద్దని వార్డెన్‌ని ఒప్పించడానికి మూడు మీటింగులు పట్టాయి.

హోస్ట్: ఇప్పుడు అడగట్లేదా?

కౌన్సెలర్: అడగట్లేదు. తలుపు దగ్గరే నిలబడుతున్నాడు. నాలుగో మీటింగు సోమవారం.